తెర మీద ఎరుపెక్కిన గొట్టాలు

నీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్‌ను సోమవారం పొద్దున కుర్చీలోనే కాల్చి చంపారు. మంగళవారం అదే కుర్చీలోకి వెళ్లమని పిచ్చుకకు ఆర్డర్ వచ్చింది.

"నేనే ఎందుకండీ?" అన్నాడు పిచ్చుక. గూఢచారి ఏజెన్సీలో అతని కోడ్ నేమ్ అది.

"ఆ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో నువ్వొకడివి కాబట్టి," అన్నాడు చీఫ్. "క్లోరిన్ వాల్వులన్నీ ఒకేసారి తెరిచి ఊరి నీళ్లను విషం చెయ్యాలని విదేశీ ముఠా ఒకటి చూస్తోంది. ఎంటర్ కీ మీద డ్యూటీలో ఉన్నవాడి వేలిముద్ర పడాలి. చచ్చిన వేలిని ఆ కీ ఒప్పుకోదు. పాపం, ఆ ఆపరేటర్ బతికుండగా ఒప్పుకోలేదు. ఇక నీ దగ్గరికి వస్తారు. వాళ్లు తమ బాస్‌తో రేడియోలో మాట్లాడేదాకా నెట్టుకురా. ఆ సిగ్నల్‌తో ముఠా మొత్తాన్నీ పట్టేస్తాం."

"మాట్లాడాక?"

"బతికుంటే మంచిదే."

ఆ నీళ్లే పిచ్చుక భార్యా తాగుతుంది, ఆరేళ్ల కూతురూ తాగుతుంది. ఆ మాట పైకి అనకుండానే మెట్లు దిగాడు.

గురువారం పదకొండు గంటలకు వాటర్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. తెల్లకోటు, మెడలో బ్యాడ్జి, ఖరీదైన సెంటు. ముఖం చూడగానే పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది. నెమలి! తనకు తుపాకీ పట్టడం నేర్పిన సీనియర్ ఏజెంట్.

"అక్కా! చీఫ్ నిన్నూ పంపాడా? బతికించావు!"

"తొందరపడకు తమ్ముడూ," అంటూ ఆమె తలుపు గడియ పెట్టింది. చేతిలోని పెన్ను మూత తీసింది. పాళీ ఉండాల్సినచోట సన్నటి గొట్టం ఉంది. "క్లోరిన్ బటన్ నొక్కు."

అతను తెర వైపు తిరిగాడు.

తెర పైసగంలో ట్యాంకులు, గొట్టాలు, వాల్వులు బొమ్మలుగా ఉంటాయి. కింద నల్లటి పట్టీ. పైన ఏ బటన్ నొక్కినా, దాని కమాండ్ కింది పట్టీలో అక్షరాలుగా పడుతుంది. ఎంటర్ కొడితేనే పని జరుగుతుంది. బొమ్మలు కావలసినవాళ్లకు బొమ్మలు, టైపు చేసేవాళ్లకు టైపు. బటన్లకు అందని పనులు కూడా కొన్ని ఆ పట్టీలో చేయించుకోవచ్చు. 'డ్రైరన్' అనే ఉత్తుత్తి పరుగు కోసం కమాండ్ చివర 'డిఆర్7' అని చేరిస్తే అంతా తెర మీదే జరుగుతుంది. బయట ఒక్క వాల్వూ కదలదు. కొత్త ఆపరేటర్ల శిక్షణ కోసం నాలుగేళ్ల కిందట పిచ్చుకే దాన్ని రాశాడు.

బటన్ నొక్కాడు. కమాండ్ పట్టీలో పడింది. వణికే వేళ్లతో చివర ఆ ఒక్క మాటా కొట్టాడు.

"ఏంటది?" పెన్ను చల్లగా చెవికి తగిలింది.

"పాస్‌వర్డ్ అక్కా."

"ఈ వణుకులో పాస్‌వర్డ్ గుర్తుండటమే గొప్ప. కానియ్."

ఎంటర్.

అప్పుడు గుర్తొచ్చింది. తెలియని మాట కనిపిస్తే ఈ ప్రోగ్రామ్ దాన్ని వదిలేసి మిగతా పని చేసేస్తుంది. ఈ నాలుగేళ్లలో ఎవరైనా డ్రైరన్‌ను తీసేసి ఉంటే? తెర చూసి తెలుసుకునే దారి లేదు. నిజమైనా నటనైనా బొమ్మ ఒకటే.

వాల్వులు తెరుచుకున్నాయి. మొదటి గొట్టం ఎరుపెక్కింది. రెండోది. కింద పంపుల హోరులో ఏ మోటారు తిరుగుతోందో వినిపించదు. ఎరుపు పెద్ద ట్యాంకు దాటి స్కూళ్ల లైను వైపు పాకింది. ఈపాటికి పాప సీసా నింపుకుంటూ ఉంటుంది. తనే, చేతులారా... పిచ్చుక కళ్లు మూసుకోబోయాడు. మూతపడలేదు.

నెమలి రేడియో తీసింది. "వాన వెలిసింది," అంది. అవతల ఎవరో నవ్వారు. పెన్ను అతని నుదుటికి ఎత్తింది. "బాగా చేశావు తమ్ముడూ. నొప్పి తెలీదులే."

తలుపు ఊడిపడింది. పెన్ను పేలింది, తూటా సీలింగ్‌లో దిగింది. పక్కగదిలో కాచుకున్న చీఫ్ మనుషులు ఆమెను నేలకు అదిమేశారు.

"సిగ్నల్ రేవు నుంచి! ముఠాలో ఏడుగురూ దొరికారు!" అంటున్నాడు చీఫ్. పిచ్చుక వినలేదు. మూలనున్న శాంపిల్ కుళాయి దగ్గరికి పరుగెత్తి, టెస్ట్ ట్యూబు నింపి, క్లోరిన్ కొలిచే మందు చుక్కలు వేశాడు. ముదురు ఎరుపైతే అంతా అయిపోయినట్టే. చుక్కలు మెల్లగా నీళ్లలో విచ్చుకున్నాయి.

లేత గులాబీ. మామూలు నీళ్లు.

"డ్రైరన్ పనిచేసిందండీ," అంటూ అతను గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

చీఫ్ తెర వైపు చెయ్యి చూపించాడు. "ఇంతకీ ఇది డ్రైరన్ అని ఆ బొమ్మ మీద రాసి చావొచ్చుగా?"

"రాయమని ఆపరేటర్లు ఇరవైసార్లు ఫిర్యాదు పెట్టారండీ. టైం దొరకలేదు."

"రేపే టైం చేసుకో," అన్నాడు చీఫ్, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ. "పక్కగదిలో నేనూ అదే బొమ్మ చూస్తూ కూర్చున్నాను."