తీసేసిన అధ్యాయం

తీసేయమని తను స్వయంగా కొట్టేసిన ఏడో అధ్యాయం పుస్తకంలో అచ్చయిపోయి ఉంది.

ప్రొఫెసర్ పుస్తకం మూసి మళ్ళీ తెరిచింది. ఉంది. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు కూడా ఆమె చెవికెక్కలేదు. న్యాయ కళాశాలలో రాజ్యాంగం పాఠాలు చెప్పుకుంటూ, కొన్నేళ్ళుగా చేసిన పరిశోధన అది. సంక్షోభం పేరు చెప్పి ఎన్నికలు వాయిదా వేసే అధికారానికి రాజ్యాంగంలోనే గడువు రాయాలన్నది దాని సారాంశం. ఆ మధ్యాహ్నమే సంస్కరణల సంఘం ముందు ఆమె మాట్లాడాలి. సభ్యులందరికీ ప్రెస్సువాళ్ళు నిన్ననే ప్రతులు పంపేశారు.

ఏడో అధ్యాయమంతా ఒకే ఒక్క తీర్పు గురించి. పరిస్థితులు చక్కబడేవరకు ఎన్నికలు ఆపవచ్చని చెప్పి, అది ఎప్పటివరకో చెప్పకుండా వదిలేసిన తీర్పు. దాన్ని అడ్డం పెట్టుకుని తర్వాతి ప్రభుత్వాలు ఏమేం చేశాయో ఆమె ఉతికి ఆరేసింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి ఇప్పుడు పక్కగదిలో గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె నాన్న.

కన్నతండ్రిని కూతురే బోనెక్కించిందని రేపు పత్రికలు రాస్తాయి. ఆ భయంతోనే చివరి నిమిషంలో అధ్యాయం కొట్టేసి, ప్రూఫులు భర్త చేత ప్రెస్సుకు పంపించింది.

ప్రెస్సుకు ఫోన్ చేసింది. ఫోర్‌మన్ తడుముకోలేదు. అంత పెద్ద అధ్యాయం కొట్టేసి ఉంటే అనుమానం వచ్చి ఇంటికి ఫోన్ చేశానని, ఎవరో మగాయన ఎత్తి, ఉంచండి అని పెట్టేశారని చెప్పాడు.

ఇంట్లో మగవాళ్ళు ఇద్దరే. తన తీర్పును తిట్టిన అధ్యాయాన్ని తనే ఉంచమనే జడ్జి ఎక్కడా ఉండడు. మిగిలింది భర్త. అతను లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"నాన్న మీద కసి తీర్చుకోవడానికి మీకు నా పుస్తకమే దొరికిందా?" అంది.

సంగతేమిటో అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది.

"కసా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను ప్రతివాదిగారూ అని పిలుస్తున్నారు. నేను పలుకుతూనే ఉన్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

"మరి ఫోనెత్తిందెవరు?"

"పట్టపగలు నేనెప్పుడైనా ఇంట్లో ఉన్నానా? ఏ లిఫ్టు గోతిలోనో ఉండుంటాను. అయినా అది లేకపోతే నీ పుస్తకం ఆరో అంతస్తు నుంచి ఎనిమిదో అంతస్తుకు దూకుతుంది. ఇది నేనన్నానని ఆయనకు చెప్పకు."

అబద్ధం చెప్పేటప్పుడు అతను అంత తీరిగ్గా ఉండడు. ఇతను కాకపోతే ఇంకెవరు? ఫోర్‌మనే తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడా? తనే పొరపాటున కొట్టేయకుండా పంపిందా?

భుజాన టవలుతో నాన్న వచ్చాడు. ఆమె గబుక్కున పుస్తకాన్ని సోఫా దిండు వెనక్కి తోసింది. ఆయన సరిగ్గా అక్కడే కూర్చుని, దాన్ని బయటికి లాగి, పేజీలు తిప్పాడు.

"ఏడోది ఉందిగా," అన్నాడు తృప్తిగా.

మీరు బాధపడతారనే తీసేశానని, సంఘానికి ఒంట్లో బాగాలేదని చెప్పేస్తానని, ప్రతులన్నీ వెనక్కి తెప్పిస్తానని ఏడుస్తూ ఏదేదో చెప్పింది.

"ఫోనెత్తింది నేనే. ఉంచమన్నదీ నేనే," అన్నాడాయన. "అల్లుణ్ణి వదిలెయ్, ప్రతివాది నిర్దోషి. నీ బల్ల మీద ఉన్నప్పుడే చదివానది. నువ్వు రాసింది తప్పు. ఊళ్ళు తగలబడుతుంటే బ్యాలెట్ పెట్టెలు ఎక్కడ పెట్టమంటావు? ఇవాళ రాయమన్నా అదే తీర్పు రాస్తాను."

"మంటలు ఆరాక కూడా ఎన్నికలు పెట్టలేదు కదా నాన్నా," అందామె. "ఒక్క గడువు ఎందుకు రాయలేదు మీరు?"

ఆయన కళ్ళద్దాలు తీసి టవలుతో తుడిచాడు. ఎంతకీ తుడవడం అవలేదు.

"ఇన్నాళ్ళకి అడిగావు. ఆ రోజు నాతో ఒప్పుకోని జడ్జి ఒకాయన ఉన్నాడమ్మా. ఆయన రాసిందీ నా తీర్పు పక్కనే అచ్చయింది, ఒక్క అక్షరం పోకుండా. మా పని అలాంటిది. ఎదుటివాడి వాదన చింపేసి గెలవడం నాకు చేతకాదు. చదివిన రోజు నుంచీ నువ్వొచ్చి నిలదీస్తావని చూస్తున్నాను. కాఫీ తెచ్చావు, మందులు తెచ్చావు, అడగలేదు. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నా మాట ఒక్కటి నెగ్గనివ్వలేదు. ఆవిడ పోయాక నేనేమన్నా అందరూ సరే అంటున్నారు. కాదనేవాళ్ళు లేకపోతే, నేను ఇంకా ఇక్కడ ఉన్నట్టే అనిపించడం లేదు తల్లీ. అందుకే చేశాను. మధ్యాహ్నం నేనూ వస్తాను, వెనక వరసలో కూర్చుంటాను. నువ్వు గట్టిగా మాట్లాడు. ఇంటికొచ్చాక నీ సంగతి చూస్తాను."