బీరు తాగిన డీవీడీ డ్రైవ్

"కంప్యూటర్‌కి బీరు ఎవరు పోశారు?"

గ్రోవర్ అడిగిన మొదటి మాట అదే. క్యాబినెట్ పక్క రేకు విప్పీ విప్పగానే గుప్పుమంది మరి!

"నేనే పోశాను. పోస్తే ఏం?" జుల్మా నడుం మీద చేతులు పెట్టుకుంది. "కార్నివాల్ పండగ మంగళవారం గుమ్మానికి పోశాం, కెమెరా స్టాండుకి పోశాం, అమ్మ కుట్టుమిషన్‌కి పోశాం. మాకు అన్నం పెట్టే కంప్యూటర్‌ని మాత్రం ఎండగట్టాలా?"

"స్టాండు బీరు తాగినా ఏమీ కాదండీ. ఇది కరెంటుతో నడిచేది!"

"మీ షాపుకి మీరు పోయలేదా?"

"లేదు. నేను టెక్నీషియన్‌ని."

"అందుకే అక్కడ ఈగలు తోలుకుంటున్నావ్," అని మూల నుంచి ఇంకో గొంతు. జుల్మా వాళ్ళమ్మ ఫకుందా, ఊరంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే మనిషి, నల్ల టోపీ తల మీద నుంచి తియ్యకుండానే చిక్కుడు గింజలు వలుస్తోంది. "మనది అనుకున్నదానికి బీరు చిలకరించి, రంగు కాగితాలు చల్లి భూమితల్లికి చూపించుకోవాలి అబ్బాయ్. లేకపోతే ఆవిడకెలా తెలుస్తుంది, ఇది నీదని?"

గ్రోవర్ మెషీన్‌లో తల దూర్చాడు. బొలీవియాలోని ఈ ఒరూరో ఊళ్ళో ఈ విషయం మీద ఎవరితోనైనా వాదించొచ్చేమో గానీ, వయసు మళ్ళిన ఆడవాళ్ళతో మాత్రం వద్దు.

మంగళవారం పూజ అయింది, బుధవారం పొద్దున్నకి జుల్మా వీడియో షాపులోని ఆ కంప్యూటర్ తన డీవీడీ డ్రైవ్‌ని గుర్తుపట్టడం మానేసింది. స్క్రీన్ మీద డ్రైవ్ బొమ్మే లేదు. ఇవాళ గురువారం. జుల్మాకి ఆదివారం మధ్యాహ్నానికల్లా నలభై డిస్కులు కావాలి. మొన్న శనివారం ఊరేగింపులో దెయ్యాల వేషాల దళాన్ని వీడియో తీసింది తనే. దళం విందులో డిస్కులు పంచితే వచ్చే ఏడు పని కూడా తనదే. పంచకపోతే, కూడలిలో ఉన్న పెద్ద స్టూడియో వాడు ఇప్పటికే వాళ్ళ చుట్టూ తిరుగుతున్నాడు.

"సినిమా అంతా సిద్ధంగా ఉందండీ, డిస్కు మీదకి ఎక్కించడమే తరువాయి," అంది జుల్మా. "ఒక్కటే మచ్చ. ఎవడో దెయ్యం వెధవ వరస తప్పి వచ్చి, నా కెమెరా ముందు నిమిషం సేపు చిందులేశాడు. దొరికితే వాడి కొమ్ములు విరిచేస్తా!"

గ్రోవర్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది.

ఎందుకు జారదు? ఆ దెయ్యం వెధవ తనే!

ఏడాది నుంచీ ఈ షాపు ముందు నుంచి రోజుకి నాలుగుసార్లు నడుస్తూ ఒక్క మాట పెగలని మనిషి, తలకి మూడు కిలోల ముసుగు తగిలించుకోగానే మహా ధైర్యవంతుడైపోయాడు. కెమెరా వెనక ఆమె ఉందని చూశాడు. అంతే, వరస వదిలేసి, మోకాళ్ళ మీద కూలబడి, ముద్దులు విసిరి... తలుచుకుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. పైగా విరిగిన ఎడమ కొమ్ముకి నీలం ఇన్సులేషన్ టేపు చుట్టుకున్నాడు. అది ఎవరి కొమ్మో దళంలో అందరికీ తెలుసు. నలభై డిస్కులంటే నలభై ఇళ్ళు. ఇక ఊళ్ళో తల ఎత్తుకున్నట్టే!

"వాడెవడో తెలిసిందా?" అన్నాడు, కింద పడ్డ స్క్రూడ్రైవర్ ఏరుకుంటూ.

"తెలిస్తే ఇంకా బతికుంటాడా?"

గ్రోవర్ డ్రైవ్ మీట నొక్కాడు. ట్రే హాయిగా బయటికొచ్చింది. అంటే కరెంటు అందుతోంది. కంప్యూటర్‌కే కబురు అందడం లేదు. అయితే గియితే డేటా కేబుల్. దాని కొస లాగి చూశాడు. ఎండిన బీరుతో అతుక్కుపోయి, సరిగ్గా కనెక్టర్ లోపల, గులాబీ రంగు కాగితపు చుక్క ఒకటి. మంగళవారం చల్లిన వాటిల్లోదే. గోటితో గీకి, స్పిరిట్‌తో తుడిస్తే సరి.

రోగం దొరికిన మరుక్షణం బుద్ధి వంకర తిరిగింది. చుక్కని గీకి జేబులో వేసుకున్నాడు. కేబుల్‌ని అలాగే వదిలేశాడు.

"డ్రైవ్ పోయిందండీ. కొత్తది లా పాస్ నగరం నుంచి రావాలి. సోమవారం అవుతుంది."

"పోయిందా?" ఫకుందా మెడ చాచింది. "ఇప్పుడే నోరు తెరిచిందిగా నాయనా? చచ్చినవాళ్ళు తెరుస్తారా?"

"అది... అలవాటు కొద్దీ దోన్యా."

దెబ్బలాడుతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. జుల్మా స్టూలు మీద కూర్చుని, ఖాళీ డిస్కుల కట్టని ఒళ్ళో పెట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఈ ఒక్క పనితోనే షట్టర్ తెరిచి ఉంచుతున్నాను," అంది. లేచి శాలువా సర్దుకుంది. "మీ తప్పేముంది లెండి. పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు. ఉండండి, వేడిగా మొక్కజొన్న జావ తెస్తా."

ఆమె గుమ్మం దాటింది. గ్రోవర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఛీ, ఆ పిల్ల పొట్ట కొట్టి నా పరువు కాపాడుకుంటానా?

గబగబా కనెక్టర్ని స్పిరిట్‌తో తుడిచాడు. కేబుల్ బిగించాడు, కంప్యూటర్ ఆన్ చేశాడు. డ్రైవ్ బొమ్మ ఏమీ ఎరగనట్టు తన చోట్లో వచ్చి కూర్చుంది. హమ్మయ్య! ఇంకొక్క పని మిగిలింది. సినిమాలో ఆ ఒక్క నిమిషం కత్తిరించేస్తే ఆమె పని ఆమెదవుతుంది, తన పరువు తనదవుతుంది.

ఫకుందా గింజలు వలుస్తూనే ఉంది. కళ్ళు మాత్రం గింజల మీద లేవు.

వెతికి ఆ చోటు పట్టుకున్నాడు. తెర మీద నీలం టేపు దెయ్యం కప్పలా గెంతుతోంది. మౌస్ మీద వేలు పెట్టాడో లేదో, స్పీకర్లోంచి, కెమెరా వెనక ఉన్న జుల్మా గొంతు: "అయ్యో, పడతావురా పిచ్చి దెయ్యమా! మెల్లగా!" తర్వాత నవ్వు. ఒక్క నవ్వా? బొమ్మంతా ఊగిపోయేంత నవ్వు. దెయ్యం వరసని అందుకోడానికి పరిగెత్తితే, కెమెరా బ్యాండు మేళాన్ని వదిలేసింది, ముందున్న పెద్దల్ని వదిలేసింది. సందు మలుపు దాకా ఆ వంకర కొమ్ము వెంటే వెళ్ళింది.

"ఆపేశావేం? అసలు ఘట్టం ముందుంది."

గుమ్మంలో జుల్మా. రెండు చేతుల్లో రెండు గ్లాసులు, పొగలు కక్కుతూ.

"డ్రైవ్ చచ్చిందన్నావుగా?"

"బతికింది," అన్నాడు నేల చూస్తూ. జేబులోంచి గులాబీ చుక్క తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది అడ్డం పడింది."

"ఎప్పుడు దొరికింది?"

ఇక దాచి లాభం లేదు. "కొమ్ములు విరిచేస్తానన్నావే, ఆ తర్వాత రెండు నిమిషాలకి. అబద్ధమాడాను జుల్మా. ఆ దెయ్యం నేనే. ఏడాది నుంచీ నువ్వంటే ఇష్టం. ముసుగు లేకుండా చెప్పడం చేతకాలేదు."

జుల్మా గ్లాసులు దించింది. అతని పనిముట్ల పెట్టెలోంచి నీలం టేపు చుట్ట తీసి, వేలికి తగిలించి గాజులా తిప్పింది. "ఊళ్ళో అందరూ నల్ల టేపు వాడతారు. ఈ నీలం ఎవరిదో కనుక్కోడానికి నాకు ఎంతసేపు పట్టుంటుందనుకున్నావ్? వీధిలో ముగ్గురు టెక్నీషియన్లుంటే నిన్నే ఎందుకు పిలిచాను?"

"మిగతా ఇద్దరికీ పండగ మత్తు దిగలేదని..."

"నిన్న సాయంత్రమే దిగింది," అంది ఫకుందా. "వాళ్ళలో ముసలి రెనే, పనిముట్ల పెట్టె పట్టుకుని మరీ వచ్చాడు. పని లేదని పంపించేసింది ఈ మహాతల్లి. నలభై డిస్కులు నెత్తి మీద పెట్టుకుని!"

"అమ్మా!"

"అమ్మా లేదు గిమ్మా లేదు. నువ్వా, ఆ జావ తాగి డిస్కులు కానివ్వు. అబద్ధానికి శిక్ష, నలభై డిస్కుల మీదా పేర్లు నువ్వే రాయాలి."

రాశాడు. ఆ నిమిషం మాత్రం కత్తిరించనివ్వలేదు జుల్మా.

ఆదివారం విందులో పెద్ద టీవీ మీద డిస్కు వేశారు. నీలం కొమ్ము కనిపించగానే దళమంతా బల్లలు చరిచి కేకలు. ఎవడో గ్రోవర్ వీపు మీద ఒక్కటిచ్చాడు. దళం పెద్ద, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చే ఏడు కూడా నువ్వే తియ్యమ్మా. ఈ దెయ్యాన్ని మాత్రం వరసలో పెట్టు," అన్నాడు జుల్మాతో.

"మూడేళ్ళు ఈ వేషం కట్టి ఆడతానని గుళ్ళో మాతకి మొక్కుకున్నాడు. ఇంకా రెండేళ్ళుందిగా, నేర్పిస్తా," అంది జుల్మా.

అప్పుడు లేచింది ఫకుందా. సంచిలోంచి గుప్పెడు రంగు కాగితపు చుక్కలు తీసి, అందరూ చూస్తుండగా గ్రోవర్ నెత్తిన పోసింది. మెడలో కాగితపు దండ వేసింది.

"ఇదేంటి దోన్యా, మంగళవారం ఎప్పుడో అయిపోయిందిగా!"

"మనది అనుకున్నదానికి చల్లుతాం. ఆలస్యంగా తెలిసింది, ఆలస్యంగా చల్లాను." బీరు సీసా చేతిలోకి తీసుకుని, కూతురి వైపు అనుమానంగా చూసింది. "పోస్తే పాడైపోతాడంటావా?"

జుల్మా అతని జుట్టులోంచి ఒక గులాబీ చుక్క తీసి గుప్పిట్లో దాచుకుంది.

"పోసెయ్ అమ్మా. కరెంటుతో నడిచేవాడు కాదుగా."