పదకొండు గంటల పిలుపు

"ఒక్కటి కూడా వేసుకోలేదేమ్మా! రెండు అట్టలు... ఇరవై ఎనిమిది బిళ్ళలు... ఎలా తెచ్చిచ్చానో అలాగే ఉన్నాయి! బీపీ నీకా, నాకా?"

కూతురు మందుల డబ్బా మంచం మీద బోర్లించి తలపట్టుకుని కూర్చుంది. పడుకున్న ఆ తల్లి నోరు విప్పితేనా! పొద్దున వంటింటి గుమ్మంలో కళ్ళు తిరిగి కూలబడితే, పక్కింటి టైలరమ్మ చూసి డాక్టరుకీ కూతురికీ ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది! డాక్టరు వచ్చి, ఇంజెక్షన్ ఇచ్చి, తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్ళాడు. కాలేజీ లైబ్రరీలో పనిచేసే కూతురు, ఎక్కడి పుస్తకాలు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నెల రోజులైంది ఆ పిల్ల ఈ గుమ్మం తొక్కి.

"మాట్లాడవేమమ్మా? ఎటు చూస్తున్నావ్?"

తల్లి ముందుగదిలోకి చూస్తోంది. అక్కడ మూల బల్ల మీద పాత కంప్యూటర్, దాని ఎదురుగా ఒక కుర్చీ.

"నేనే చంపేశాను తల్లీ..." అంది ఉన్నట్టుండి. "మీ నాన్నని రెండోసారి... నా చేతులతో నేనే..."

నాన్న పోయి మూడేళ్ళు! అమ్మకి మతి గానీ చలించలేదు కదా!

చలించలేదు. ఏడుస్తూ, మధ్యలో ఎక్కిళ్ళు పెడుతూ ఆవిడ చెప్పుకొచ్చిన సంగతి ఇది. ఆయన ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన మనిషి. రిటైరయ్యాక కంప్యూటర్ క్లాసులో చేరి, మనవల వయసు పిల్లల పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నాడు. ఆవిడకి డాక్టరు పదకొండు గంటలకి బిళ్ళ వేసుకోమంటే రోజూ మరిచిపోయేది. చెప్పీ చెప్పీ విసిగి, ఒక్కో రోజుకి ఒక్కో మాట చొప్పున తన గొంతు రికార్డు చేసి, పదకొండు కొట్టగానే కంప్యూటర్ దానంతట అదే పిలిచేలా సొంతంగా ఒక ప్రోగ్రామ్ తయారు చేశాడు. ఆదివారం మాత్రం దానికి సెలవు. ఆయన పోయాడు. ప్రోగ్రామ్‌కి ఆ సంగతేం తెలుసు? మర్నాడు పదకొండింటికి ఎప్పటిలాగే పిలిచింది!

"ఆ పిలుపు కోసమే బతికాను తల్లీ. పదిన్నరకే తల దువ్వుకుని ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. పోయిన నెల బహుమతి వచ్చిందని ఏదో కనబడితే నొక్కాను కదా... ఆ మర్నాటి నుంచీ పిలుపు లేదు! నేనే ఏదో చెడగొట్టాను..."

"సరే... బిళ్ళలెందుకు మానేశావ్?"

"ఆయన పిలవకముందే వేసుకుంటే... ఇక పిలవాల్సిన పని లేదనుకుంటారేమోనని..."

ఎంత పిచ్చితల్లి! ఒకరోజా, రెండురోజులా... నాలుగు వారాలు గాలికి చెవి ఒగ్గి కూర్చుంది!

అప్పుడు తట్టింది కూతురికి. ఆ బహుమతి గొడవ విని ఆ శుక్రవారం సాయంత్రమే వచ్చి, ఈ కంప్యూటర్‌కి దొంగ ప్రోగ్రాములు పట్టే కాపలా సాఫ్ట్‌వేర్ వేసి, క్షణాల్లో వెళ్ళిపోయింది తనే! గబగబా దాన్ని తెరిచింది. పట్టుకున్నవాటి పట్టికలో ఒకే ఒక్క పేరు. 'ఎవరు చేశారో తెలియదు. తనంతట తాను నడుస్తోంది. అనుమానించదగినది.' ఎవరు చేశారో తెలియదట! ముప్పై ఏళ్ళు ఊరంతా విన్న గొంతు!

"నువ్వేం చెడగొట్టలేదమ్మా! దొంగ ప్రోగ్రామ్ అనుకుని ఇది వేరే గదిలో పెట్టి తాళం వేసింది. ముప్పై రోజులుంచి చెరిపేస్తుందట. రేపటితో ముప్పై..." గిర్రున తల్లి వైపు తిరిగింది. "ఉన్నాడమ్మా! నాన్న ఉన్నాడు!"

తల్లి దిగ్గున లేచి కూర్చుంది. గోడ గడియారం వంక చూసింది. పదీ నలభై. క్యాలెండర్ వంక చూసింది. ఆవిడ ముఖంలో వెలిగిన వెలుగు అంతలోనే ఆరిపోయింది.

"బయటికి తీసిపెట్టు తల్లీ. పెట్టేసి... నువ్వు బయల్దేరు. పదకొండు లోపలే వెళ్ళిపో."

"వెళ్ళిపోవాలా! మూడేళ్ళుగా నాన్న గొంతు దాచుకున్నావ్. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన పాత ఫోన్ పోయి, అందులో ఉన్న గొంతు కూడా పోయిందని నేనెంత ఏడ్చానో నీకు తెలుసు! నేను నీకేమీ కానా? నేను వినకూడదా అమ్మా?"

"ఇంకో రోజు విందువుగాని... ఇవాళ వద్దు..."

కూతురు వినలేదు. ప్రోగ్రామ్‌ని విడిపించబోతే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: 'దీన్ని మీరు నమ్ముతున్నారా?' తల్లి గోడ పట్టుకుని నడిచొచ్చి, 'అవును' అని తనే నొక్కింది. పదకొండయింది.

"ప్రయాణికులకు మనవి! వంటింటి నుంచి ముందుగదికి రావలసిన మా ఆవిడ ఎక్కడున్నా వెంటనే వచ్చి బిళ్ళ వేసుకోవలసిందిగా కోరుతున్నాం! నీళ్ళు నిండుగా తాగవలెను!" చిన్నగా నవ్వు. తర్వాత మైకు గొంతు పోయి ఇంటి గొంతు వచ్చింది. "ఇవాళ శనివారం. రేపు అమ్మాయి వస్తుంది. వారమంతా నిలబడి నిలబడి వస్తుంది, రాగానే పనులు చెప్పకు, కాసేపు పడుకోనీ. నీ మందు సంగతి అదే చూసుకుంటుందిలే, రేపు నాకు సెలవు. అది వచ్చిందంటే నీకు నేను కనబడనుగా!"

రేపు అమ్మాయి వస్తుంది... మూడేళ్ళ శనివారాలు! అందులో తను వచ్చిన ఆదివారాలెన్ని? రాలేనని ఫోన్ చేసినవెన్ని? ఫోన్ కూడా చేయనివెన్ని?

"అమ్మా! ప్రతి శనివారం ఇది వింటూ..."

"ఏముంది తల్లీ... ఆయన చెప్పారు కదా అని నీ దుప్పటి ఎండలో వేసేదాన్ని. నువ్వు రాకపోతే మడతపెట్టి లోపల పెట్టేదాన్ని. వింటే కుమిలిపోతావని చెప్పలేదు..."

కూతురు తల్లి ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లలా భోరుమంది. చాలాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని, అట్ట చింపి బిళ్ళ తీసి గ్లాసు అందించింది. "నీళ్ళు నిండుగా తాగవలెను!" అంది, ఆ మైకు గొంతుతోనే. ఏడుస్తూనే నవ్వింది తల్లి.

తర్వాత కూతురు లైబ్రరీకి ఫోన్ చేసి, ఇవాళా రేపూ అమ్మ దగ్గరే ఉంటానని చెప్పింది. ఆ మాట చెవిన పడిందో లేదో, తల్లి మెల్లగా లేచి బీరువా వైపు నడవబోయింది.

"నువ్వు పడుకో అమ్మా," అంది కూతురు, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి. "నా దుప్పటి నేను వేసుకుంటాను ఎండలో."