సోమవారం లెక్క

2007 మార్చి 12, సోమవారం. ఆ పొద్దున ఎస్.ఐ. శివన్న కర్నూలు శివార్లలో ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాడు. హోటల్ ఎదుట వేపచెట్టు కింద ఎద్దులు కాడి లేకుండా నెమరేస్తున్నాయి. చూడగానే మనసు చల్లబడింది.

మరునాడు 10.20కి టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి ఫోన్. బీరువాలోని ట్రాఫిక్ లెక్క మాయం.

పాతబస్తీలోకి వచ్చే లారీలపై రుసుము వేయాలని ప్లాను. బుధవారం కౌన్సిల్ నిర్ణయం. దానికి ఆధారం, సోమవారం మార్కెట్ గేటు దగ్గర లేవి రాసిన ఆ కాగితమే. లేవి దినకూలీ. బీరువా తాళంచెవులు రెండు. ఒకటి అతని దగ్గర, రెండోది ప్లానింగ్ ఆఫీసర్ హిమబిందు దగ్గర.

"మండీ రామకోటయ్య శెట్టికి అమ్మినావంట గదప్పా?" శివన్న లేవిని అడిగాడు.

"దేవుని తోడు, లేదు సార్. ఈ పని పోతే మా పిల్లోల్లు పస్తే."

"లారీలు ఎన్ని?"

"నూట ఎనభై. గుర్తుండాది."

రుసుము పడితే నష్టపోయేది మండీ యజమాని రామకోటయ్యే. ఆయన భగ్గుమన్నాడు. "లారీలు తక్కువని కాగితమే చెప్తాంటే, దాన్ని నేనేల దొంగిలిస్తా సార్?"

హిమబిందు ఫైలు తెరిచింది. "అబద్ధం. అదృష్టం కొద్దీ సోమవారమే నకలు రాసుకున్నాను."

శివన్న చదివాడు. లారీలు 412. ఆటోలు 960. ఎద్దులబండ్లు 61.

మళ్ళీ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం 5.30. ముగ్గురినీ ప్లానింగ్ ఆఫీసులోనే కూర్చోబెట్టాడు.

"లేవీ, ఎద్దులబండ్లు ఎన్ని?"

"ఒగటీ లేదు సార్. ఈ పక్క రైతులు సోమవారం కాడి గట్టరు గదా. ఆ గడి ఖాళీగా ఇడిస్తి."

రామకోటయ్య నవ్వాడు. "బసవన్నకు సెలవు! పాలు తాగే పిల్లోనికీ తెలుసు."

"మేడంకు తెలీదు," అన్నాడు శివన్న. "విశాఖ నుంచి వచ్చి రెండు నెలలే. ఈ అరవై ఒకటి ఎక్కడివి మేడం?"

హిమబిందు ఫైలు మూసేసింది.

"శనివారం ట్రయల్ లెక్కలోవి. అన్నీ దించాను. లారీలు మాత్రం పెంచాను."

"అసలు కాగితం?"

"కాల్చేశాను. ఆ వీధి స్కూల్లో పిల్లలు దుమ్ముకు రోజంతా దగ్గుతారు. నూట ఎనభై అంటే కౌన్సిల్ కదలదు."

"అందుకు లేవి బలా?"

ఆమె తల వంచుకుంది. "తప్పయింది, లేవీ."

"ఇంక రుసుమూ లేదు, గిసుమూ లేదు!" రామకోటయ్య కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. కిటికీలోంచి దుమ్ము లోపలికొచ్చింది.

ఆ పిల్లల దగ్గు ఏ చట్టం కింద రాయాలో శివన్నకు తోచలేదు.

లేవి కుండలోని నీళ్ళు గ్లాసులో ముంచి హిమబిందు ముందు పెట్టాడు. "తాగండి మేడం."

ఆమె తాగి, పోలీసు జీపు వైపు నడిచింది.

"రేపు లెక్కకు పోవాల్నా సార్?"

"పోప్పా. ఉన్నది ఉన్నట్టు రాయి."

లేవి బల్లమీది దుమ్ము తుడిచాడు. తన తాళంచెవి తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.