కమాను కింది పిలుపు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే పాత దారిలో, ఏటి మీద దొరల కాలం నాటి రాతి కమాన్ల బ్రిడ్జి ఉండేది. రాత్రిపూట దాని కిందనుంచి దెయ్యం పిలుస్తుందని చెడ్డపేరు. నేను నమ్మను. నమ్మను కాబట్టే చీకటి పడితే అటు పోను... దెయ్యంతో వాదన ఎందుకని.

దానికి సొంత గొంతు లేదంట. మనకు కావలసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందంట. ఒకసారి... రెండుసార్లు... మూడోసారి మాత్రం పిలవదంట. అందుకే మా పక్క రాత్రి మూడో పిలుపు దాకా ఎవరూ పలకరు. అన్నానికి మాత్రం నేను ఎవరూ పిలవకముందే పలుకుతాను.

ఇది పత్తి మార్కెట్టు ముందర టీ బంకు పెట్టుకున్న కరీం సాబ్ చెప్పింది. జరిగింది డెబ్బై ఎనిమిదిలో అనుకుంటా.

బ్రిడ్జికి అవతల పల్లెలో ఉండే మాదన్న తమ్ముడు బసన్న పత్తి బండి తోలుకొని ఆదోనికి పోయినాడు. బాగా చీకటి పడినా ఇల్లు చేరలేదు. వాళ్ళమ్మ ఉచ్చీరమ్మ లాంతరు వెలిగించి మాదన్న చేతికిచ్చింది.

"పోయి తమ్మున్ని తోడుకొని రా నాయనా. బ్రిడ్జి కాడ మాత్రం... నా గొంతు ఇనపడినా పలకాకు."

బ్రిడ్జి ఎక్కేసరికి గాలికి లాంతరు ఆరిపోయింది. మాదన్న పిట్టగోడ తడుముకుంటా నడిచినాడు. నడుమకు వచ్చేసరికి, ఉన్నట్టుండి... గోడ చేతికి అందలేదు. విరిగిన రాళ్ళే తగిలినాయి.

కిందనుంచి—

"అన్నా..."

బసన్న గొంతే.

మాదన్న నిలబడిపోయినాడు.

"అన్నా..."

ఈసారి ఇంకా సన్నగా.

నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య బిగబట్టినాడు. మూడో పిలుపు కోసం ఊపిరి ఆపుకొని చూసినాడు. నీళ్ళ చప్పుడు... అంతే.

దెయ్యమే!

వెనక్కి చూడకుండా ఆదోని దాకా ఒకటే పరుగు.

కరీం సాబ్ పొయ్యి ఆర్పబోతున్నాడు.

"ఏమప్పా మాదన్నా, దెయ్యం పట్టినట్టు వస్తాండావు?"

"పట్టలేదు సాబ్, తప్పించుకున్నా. మావోడు యాడ పండుకున్నాడు?"

"బసన్నా? ఈడ యాడుండాడు? పత్తి అమ్మేసి, దీపాలు పెట్టేయాళకే బండి కట్టినాడు గదా. మీ బ్రిడ్జి దారే. ఎదురు పడలేదా?"

మాదన్న సాబ్ ఇచ్చిన టీ గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు. తాగలేదు. కింద పెట్టలేదు. పొగలు కక్కే గ్లాసు వేళ్ళను కాలుస్తున్నా తెలిసినట్టు లేదు.

"ఎదురు పడలేదు సాబ్," అన్నాడు. "పిలిచినాడు."