తలుపు వెనక పాట

తెల్లారి ఏడు దాటిందంటే నిరోషాకు ఊపిరాడదు. ఒక పొయ్యి మీద చాయ్, ఇంకో పొయ్యి మీద పప్పు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు పోయే మొగుడికి టిఫిన్ డబ్బా, కాలేజీకి పోయే బిడ్డకు ఇంకో డబ్బా. ఇవన్నీ ఒక ఎత్తు, మామ జంగప్ప ఒక ఎత్తు. మనిషి కాళ్లు ఆగవు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పోతాడు, వస్తాడు, గేటు తీస్తాడు, మళ్లీ వేస్తాడు. వికారాబాద్‌లో సొంతింట్లో ఉన్నప్పుడు ఇంత లేదు. తాండూరు వచ్చినప్పటి నుంచీ ఆయన నిమ్మళంగా కూర్చున్న పాపాన పోలేదు.

"జర కూసోరాదు మామా! చాయ్ సల్లారిపోతుంది."

"కూసుంట బిడ్డా" అన్నాడు జంగప్ప, నడుస్తూనే.

బయట కూరగాయల బండి ఆమె ఎవరితోనో కన్నడంలో బేరమాడుతోంది. ఆయన గేటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అందులో వినడానికి ఏముందో ఆయనకే తెలియాలి.

ఆ ఇంటికో వింత అలవాటు ఉంది. జంగప్ప డెబ్బై ఒకటి యుద్ధంలో సరిహద్దు అవతల పట్టుబడి, ఏడాది పాటు ఖైదులో ఉండి తిరిగొచ్చిన సిపాయి. వచ్చాక తన ఇంట్లో ఒక్క తలుపుకూ గడియ ఉండనివ్వలేదు. నిరోషా కొత్తకోడలుగా వచ్చిన మర్నాడే అత్త మొగులమ్మ పక్కకు పిలిచి చెప్పింది. "తానం చేసేటప్పుడు తలుపు దగ్గరకేసి పాట పాడు బిడ్డా. లోపల మనిషున్నరని తెలుస్తది. మీ మామకు గడియ సప్పుడు పడదు." నిరోషా సిగ్గుతో చచ్చిపోయింది. ఏం చేస్తుంది పాపం, పాడింది. నవ్వకండి, ఆమెకు బతుకమ్మ పాటలన్నీ వచ్చింది ఆ స్నానాల గదిలోనే. మొగులమ్మ కాలం చేసినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

సొంతింట్లో చెల్లింది, అద్దె ఇంట్లో ఎట్లా చెల్లుతుంది? తాండూరులో దిగిన రోజే జంగప్ప స్క్రూడ్రైవర్ పట్టుకుని గడియలన్నీ ఊడదీసి సంచిలో మూటగట్టాడు. నిన్న ఇంటి ఓనర్ విశ్వేశ్వర్ వచ్చి చూసి మండిపడ్డాడు. "నా తలుపులన్నీ ఖరాబ్ చేసిండ్రు గదమ్మా! మళ్ల బిగిస్తరా, ఇల్లు ఖాళీ చేస్తరా?" అని తేల్చేశాడు. సాయంత్రానికల్లా నిరోషా మొగుడు ప్రేమ్‌సాగర్, తండ్రి సంచిలోంచి గడియలు తీసి ఎక్కడివక్కడ బిగించాడు. జంగప్ప అడ్డం రాలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నారంతా.

అందరికన్నా సంబరపడింది బిడ్డ వందన. "బతికిన! మొన్న నా దోస్తులొచ్చినప్పుడు నాయిన లోపల గొంతెత్తి పాడుతుంటే నా ఇజ్జత్ పోయింది" అంటూ ఈ పొద్దున బ్రష్షూ తువ్వాలూ పట్టుకుని స్నానాల గదిలోకి పోయింది.

గడియ పడింది. పాట లేదు.

జంగప్ప నడక ఆగింది. కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు. "వందనా!" అని పిలిచాడు. పిల్ల వినీ పలకలేదు, ఇంకా పాడటమేంటని పంతం. "వందనా! పలుకు బిడ్డా!" ఈసారి తలుపు బాదాడు. రెండు చేతులతో బాదాడు. నిరోషా గరిటె వదిలి పరుగెత్తుకొచ్చేలోపే ముసలాయన భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. నిన్న బిగించిన గడియ స్క్రూలతో సహా ఊడి నేల మీద పడింది. పళ్లు తోముకుంటున్న పిల్ల కెవ్వున కేక పెట్టింది. ఇంకా నయం, స్నానం మొదలుపెట్టలేదు.

"నేనీ ఇంట్ల ఉండ!" వందన ఏడుపు వీధి దాకా వినపడింది. "నన్నన్న హాస్టల్‌ల ఎయ్యి, తాతనన్న వికారాబాద్ పంపు. నువ్వే తేల్చుకో అమ్మా!"

ప్రేమ్‌సాగర్‌కు ఇన్నేళ్లుగా లోపల అణచుకున్నదంతా తన్నుకొచ్చింది. "నాయినా, నువ్వు జైల్ల ఉన్నది ఏడాది. మేం పుట్టినప్పటి సంది ఉన్నం! ఇంకెన్ని దినాలు?"

ఆ మాటకు ఇల్లంతా బిత్తరపోయింది. జంగప్ప కొడుకు ముఖంలోకి చూశాడు, తల ఊపాడు. లోపలికి పోయి రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చాడు. "రైలుంటది. నేను పోత."

నిరోషాకు తెలుసు. పోతే ఈ మనిషి ఇక తిరిగి రాడు. గబగబా పోయి గేటుకు అడ్డం నిలబడింది. అప్పుడే, ఇందాక వంటింట్లోంచి చూసింది ఆమె బుర్రలో మెదిలింది.

"మామా, ఒక్క మాట చెప్పి పో. గడియ పడ్డప్పుడు నువ్వు ఉరకలే. నిలబడి విన్నవ్. పాట రాలేదనే తలుపు కొట్టినవ్. నీకు పడనిది గడియ కాదు గద?"

జంగప్ప చేతిలోని సంచి జారింది. మొదటిసారి, ఆ వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"గా జైల్ల ఒక్కొక్కన్ని ఒక్కో అర్రల ఏసిండ్రు బిడ్డా. ఒకని మొకం ఒకనికి కనపడది. నా పక్క అర్రల చంద్రప్ప ఉండేటోడు, గీ కర్ణాటక దిక్కోడే. పొద్దుగాల్నే కన్నడంల పాట పాడేటోడు. వాడు పాడితే మేం గోడ ఇవతల దగ్గేటోళ్లం, బతికే ఉన్నమని. వానికి జరమొచ్చింది. ఒక దినం పాట రాలే." ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. "తలుపు గుద్దిన. చేతులు పగిలేదాంక గుద్దిన. ఎవడూ తియ్యలే. తీసినంక చంద్రప్ప లేడు."

ఆయన నిరోషా వైపు తిరిగాడు.

"మీ అత్తకు గుడ చెప్పలే. గడియ అంటే జల్ది సమజైతదని అదే చెప్పిన. గీ ఊర్ల గా భాష చెవుల పడ్డకాడికెల్లి మనసు ఒక్కకాడ ఉంటలేదు."

నిరోషా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లు సిగ్గు దాచుకోవడానికి పాడుతున్నాననుకుంది. తాను పాడిన ప్రతి పూటా ఈ ముసలాయన గుండె కుదుటపడుతోందని ఎవరనుకున్నారు! ప్రేమ్‌సాగర్ వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఆయన చేయి పట్టుకున్నాడు. "తప్పయింది నాయినా" అన్నాడు.

వందన కళ్లు తుడుచుకుని ఊడిపడిన గడియ తెచ్చి తాత చేతిలో పెట్టింది. "బిగియ్యి తాతా. లోపలికి పోయి పాడుత. రెండూ ఉంటయ్."

జంగప్పే బిగించాడు. కొడుకు ఒక్కో స్క్రూ అందించాడు. పిల్ల లోపలికి పోయింది. గడియ పడింది. ముసలాయన తలుపు దగ్గరే చెవి ఒగ్గి నిలబడ్డాడు. మాడు వాసనకు నిరోషా వంటింట్లోకి పరుగెత్తింది.

లోపల్నుంచి పాట వచ్చింది. శ్రుతి లేదు, సగం ఏడుపే. మధ్యలో ఆపి, "ఇనపడుతుందా తాతా?" అని అడిగింది.

జంగప్ప తలుపు పక్క గోడ మీద చేయి వేశాడు. గట్టిగా దగ్గాడు. పక్కనుంచి ప్రేమ్‌సాగర్ దగ్గాడు. పొయ్యి మీద మాడిపోతున్న పప్పు దించుతూ, కన్నీళ్లు కారిపోతుంటే, వంటింట్లోంచి నిరోషా కూడా దగ్గింది.