సరంగు గదిలో మూడో గంట

రాజమండ్రి దానవాయిపేటలో ఒక పాత మేడ ఉందండి. కింద ఎప్పుడో మూతబడ్డ ఫొటో స్టూడియో, పైన వరసగా మూడు గదులు. ఆ మూడో గది మంచిది కాదు.

ఈ మాట ఒకరిద్దరు అన్నది కాదు. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఆరుగురు పోటుగాళ్లలా వెళ్లి, చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగి పారిపోయారట. కాకినాడ నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురికి మూడు రోజులు జ్వరం కాసిందట. అందరూ చెప్పేది ఒకటే. చీకట్లో ఎవరో ఆడమనిషి పిలుస్తుంది... "ఏవండీ" అని. కేక కాదు, ఏడుపు కాదు. మనింట్లో వంటగదిలోంచి పిలిచినట్టు, మామూలుగా పిలుస్తుంది. భయమంతా అక్కడే ఉంది.

అక్కడ ఊడ్చి తుడిచే మహాలక్ష్మమ్మ ఆ గదిలోకి ఒంటరిగా చీపురు పట్టుకెళ్లేది కాదు. "బతికున్న మనిషి గొంతు కాదమ్మా అది," అనేది. అది విని కౌంటర్లో కూర్చునే ప్రిస్కిల్లా అనే పిల్ల పకపకా నవ్వేది. యజమాని శ్యాంబాబు మాత్రం అవుననడు, కాదనడు. వ్యాపారస్థుడు కదా, నలుగురూ భయపడి చెప్పుకుంటే ఆయనకే మంచిది.

ఇంతకీ ఆ మేడలో ఏం జరుగుతుందంటారా? దాన్ని ఎస్కేప్ రూమ్ అంటారు. మనల్ని గదిలో పెట్టి తాళం వేస్తారు. గంట టైము. లోపల దాచిన గుర్తులు పట్టుకుని, ఒక్కో తాళం తీసుకుంటూ బయటపడాలి. డబ్బిచ్చి మరీ ఈ జైలేంటండీ బాబూ, అని మనం అనుకుంటాం. ఆ పిచ్చి పట్టినవాళ్లకి మాత్రం అదే లోకం.

రామచంద్రపురంలో ఉదయ్‌భాస్కర్, సాయిప్రసన్న దంపతులకి ఆ పిచ్చి పట్టింది.

అతను ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లై పదహారేళ్లు, పిల్లల్లేరు, ఉన్న సరదా ఇదొక్కటే. సెలవులొస్తే చాలు, విశాఖపట్నమో విజయవాడో హైదరాబాదో పోయి తాళం వేయించుకునేవాళ్లు. ఆఫీసులో అటెండరు అప్పాజీ, "అంత దూరం ఎందుకండీ, మన రికార్డు రూములో పెట్టి నేను వేస్తాను కదా" అని ఆటపట్టించేవాడు. అలా ముప్ఫై ఏడు గదులు ఆడారు. ఒక్క గదిలో కూడా హింట్ అడగలేదు.

దారి తోచనప్పుడు బయట కూర్చున్నవాళ్లని అడిగితే చిన్న సాయం చెబుతారు. అదే హింట్. అడక్కపోవడం ఉదయ్‌భాస్కర్ పట్టుదల. "అడిగితే ఆడినట్టు కాదు," అనేవాడు. ప్రసన్న నవ్వేది. "అడిగితే ఏం పోతుందండీ? మీసం రాలిపోతుందా?" అనేది. అన్నా, తనూ అడిగేది కాదు.

వాళ్ల ముప్ఫై ఎనిమిదో గది... దానవాయిపేటలోని ఈ మూడో గది. కిందటేడు మార్చిలో ఆడారు.

దాని పేరు సరంగు గది. గోదావరి మీద లాంచీ నడిపే సరంగు ఒకడు వెళ్లి తిరిగి రాలేదనీ, పెళ్లాం రేవు పక్క ఇంట్లో అతని కోసం కూర్చునే ఉందనీ ఒక కథ అల్లారు. లోపలంతా ఆ ఇల్లే. కిటికీ, కిటికీ కింద పొట్టి పీట, కిటికీ అవతల గోడ మీద రేవు బొమ్మ, ఓ మూల సరంగు పెట్టె. పెట్టెకి నాలుగంకెల తాళం. అదే ఆఖరి తాళం. హింట్ కావాలంటే కొట్టడానికి గుమ్మం పక్కన లాంచీ గంట వేలాడదీశారు. కింద బోర్డు: "గంట రెండుసార్లే."

మిగతా తాళాలన్నీ చకచకా తీశారు. పెట్టె దగ్గర ఆగిపోయారు. అతను గదంతా తిరిగాడు, గోడలు తట్టాడు. ప్రసన్న కాళ్లు లాగుతున్నాయని ఆ పీట మీద కూర్చుంది. గంట కొట్టలేదు. టైము అయిపోయింది. మొదటిసారి ఓడిపోయారు.

బస్సెక్కి ఇంటికి బయల్దేరారు. మండపేట దాటాక ప్రసన్న ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

"నాకు తెలిసిపోయిందండీ."

"ఏంటి?"

"పెట్టె నంబరు ఎక్కడుందో."

"చెప్పు."

"చెప్పను. మళ్లీ వెళ్దాం. నేనే తీస్తాను, మీరు చూద్దురుగాని."

ఇల్లు చేరేదాకా బతిమాలాడు. చెప్పలేదు. ఏప్రిల్లో ఆవిడకి పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ రాజమండ్రిలోనే పడింది. వారం రోజులు తిరిగింది. "వెళ్లి ఆడేశావేంటి?" అనడిగాడు. "మీరు లేకుండా నేనెందుకు ఆడతానండీ," అంది. ఎండలు తగ్గాక అనుకున్నారు, బడులు తెరిచాక అనుకున్నారు.

ఆగస్టులో ప్రసన్నకి జ్వరం వచ్చింది. డాక్టర్నెవర్నైనా అడుగుదామని ఆవిడ అంటే, మాత్ర వేసుకుని చూద్దామన్నాడు. మూడు రోజులు అలా చూశాడు. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకెళ్తే డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ముందే తేవాల్సిందన్నారు. తొమ్మిదో రోజున ఆవిడ పోయింది.

ఆ మూడు రోజులూ అతన్ని తినేశాయి. అడిగితే ఏం పోయేది? ఆ మాట తల్చుకుని రాత్రిళ్లు కూర్చుండిపోయేవాడు. దానికి తోడు చిన్నపిల్లాడి బాధ ఇంకోటి. ఆవిడ చెప్పకుండా పట్టుకుపోయిన మాట ఒకటుంది. పదహారేళ్లలో ఇద్దరి మధ్యా దాపరికమంటూ ఉన్నది ఆ ఒక్కటే. అది తెలుసుకోవాలి.

మొన్న మేలో ప్రసన్న ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఈ ఆదివారంతో మూసేస్తున్నాం, ఆడాలనుకునేవాళ్లు రండి, అని. ఆ ఫోను అతను రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాడు. అందులోంచే బుక్ చేశాడు, ఎప్పట్లాగే ఆవిడ పేరు మీద, ఇద్దరికి. గది గురించి ఊళ్లో చెప్పుకునేది అతనికి తెలీదు. ఆడేముందు ఆ గది గురించి ఇంకొకళ్లు రాసింది చదవకూడదన్నది కూడా వాళ్ల నియమమే.

ఆదివారం మధ్యాహ్నం మూడు. బయట ఎండ మాడ్చేస్తోంది. మెట్ల దగ్గర మహాలక్ష్మమ్మ కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. సగం సామాను అప్పుడే మూటలు కట్టేశారు. మూడో గదిలో కెమెరా కూడా పీకేశారు. గంట మోత చెవిన పడటమే తప్ప, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించదు.

ప్రిస్కిల్లా పుస్తకంలో పేరు చూసింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "సాయిప్రసన్న గారి పేరు మీద... మేడమ్ రాలేదా అండి? ఒక్కరినే పంపకూడదండి, ఇద్దరుండాలి."

నిజం చెబితే పంపరేమో.

"వెనకాల వస్తోంది," అన్నాడు.

"అయితే పదండి, మేడమ్ రాగానే పంపుతాను," అంది ప్రిస్కిల్లా. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాడు. తలుపు పడింది.

బయట పట్టపగలు. లోపల... అర్ధరాత్రి. మేడ బయటి కిటికీలకి నల్లగుడ్డ, చేతిలో చిన్న లాంతరు, ఎక్కడో నీళ్లు ఒడ్డుకి తగులుతున్న చప్పుడు. పోయినసారి ఇద్దరూ కలిసి తీసిన తాళాలు ఒక్కడే తీశాడు. ఒక్కో తాళం దగ్గరా ఆవిడ మాట వినిపించినట్టే ఉంది. ఇది నేను, ఇది మీరు. ముప్పావుగంట గడిచేసరికి పెట్టె ముందున్నాడు.

వెతికాడు. గోడలు తడిమాడు. నేల తట్టాడు. లాంతరు ఎత్తాడు, దించాడు. లేదు... ఎక్కడా లేదు. ఆవిడకి దొరికింది తనకి దొరకడం లేదు. రేపు ఈ గది ఉండదు. విప్పేస్తారు. ఇక ఎప్పటికీ తెలీదు.

గోడ మీద గడియారం ఇంకా పదకొండు నిమిషాలే ఉందని చూపిస్తోంది.

గంట వైపు చూశాడు. చెయ్యి లేవలేదు. ముప్ఫై ఎనిమిది గదులు... ఒక్కసారి కూడా... చివరికి లేచి వెళ్లి, కళ్లు మూసుకుని కొట్టాడు.

చప్పుడు ఆగింది. నీళ్ల మోత కూడా ఆగింది.

"ఏవండీ..."

లాంతరు చేతిలోంచి జారి నేల మీద దొర్లింది.

"ఏవండీ... నిలబడి వెతికితే దొరకదు."

ఆ గొంతే. చివర్లో కొంచెం సాగదీసే ఆ తీరే. గోడకి ఆనుకున్నాడు. పారిపోదామని మాత్రం అనిపించలేదండి. తొమ్మిది నెలలుగా ఆ పిలుపు వినలేదు. భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

రెండోసారి కొట్టాడు.

"ఏవండీ... నేను కూర్చునే చోట ఒక్కసారి కూర్చోండి."

పీట. తడుముకుంటూ వెళ్లి కూర్చున్నాడు. పొట్టి పీట, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. తలెత్తి కిటికీలోంచి చూశాడు. నిలబడితే రేవు బొమ్మలో గజిబిజి గుంజలే. అక్కణ్నుంచి చూస్తే మాత్రం కిటికీ ఊచలూ ఆ గుంజలూ కలిసి, వరసగా నాలుగంకెలు. రెండు. తొమ్మిది. సున్నా. నాలుగు. ఆవేళ కాళ్లు నొప్పెట్టి కూర్చున్నప్పుడు ప్రసన్న చూసింది ఇదన్నమాట. తను ఒక్క నిమిషం పక్కన కూర్చుని ఉంటే తనకీ కనపడేది.

నంబరు తెలిసింది. పెట్టె రెండడుగుల దూరంలో ఉంది. ఇంకా ఆరు నిమిషాలుంది.

పెట్టె దగ్గరికి వెళ్లలేదు. గంట దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లేనని రాసుంది. తెలుసు. ఇంకొక్కసారి వింటే చాలనిపించింది. కొట్టాడు.

ఏమీ లేదు... చాలాసేపు ఏమీ లేదు.

ఆ తర్వాత, చిన్న నవ్వు.

"ఏవండీ... మొత్తానికి అడిగారన్నమాట. ఇటు తిరగండి. పక్కనే ఉన్నాను."

తిరిగాడు.

పీట ఖాళీగా ఉంది. లాంతరు వెలుగు దాని కాళ్ల మీద పడుతోంది. చూస్తూ నిలబడ్డాడు. "ప్రసన్నా," అన్నాడు, వినపడీ వినపడనట్టు.

ధడాలున తలుపు తెరుచుకుంది. వెలుగు. ఫోను ఎత్తి పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ ప్రిస్కిల్లా.

"మేడమ్, ఆయన మొహం చూశారా?" అంటూనే గదంతా కలియజూసింది. "మేడమ్ ఏరండీ?"

ఆ పిల్ల సంబరంలో ఆ పిల్ల చెప్పుకుపోతోంది. "పోయినేడు పేపర్లు దిద్దడానికి వచ్చినప్పుడు ఓ సాయంత్రం మేడమ్ ఇక్కడికి వచ్చారండి. ఆడమంటే ఆయన లేకుండా ఆడనన్నారు. సరంగు భార్య గొంతు కోసం వెతుకుతున్నామంటే, నేను చెబుతాను రికార్డు చెయ్యమ్మా అని రెండు హింట్లు చెప్పారు. అందరికీ అవే వేస్తున్నాం. మూడోది మాత్రం మీకోసమేనండి. తన పేరు మీద బుక్కయినప్పుడు, మూడోసారి గంట కొడితేనే వెయ్యమన్నారు. 'ఆయన అడగరమ్మా, ఒక్కసారి అడిగిస్తాను. గొంతు పైనుంచి రావాలి, నేను పక్కనుండాలి. అప్పుడాయన మొహం చూడాలి' అన్నారు. మేడమ్... ఎక్కడ దాక్కున్నారండి?"

"ఆవిడ లేదమ్మా," అన్నాడు ఉదయ్‌భాస్కర్. "పోయిన ఆగస్టులో పోయింది. వస్తోందని నీకు అబద్ధం చెప్పాను."

ప్రిస్కిల్లా చెయ్యి కిందికి దిగింది. పైన గడియారం మోగింది, టైము అయిపోయిందని. ఆ మోత ఆపాలని కూడా ఆ పిల్లకి తోచలేదు.

"పెట్టె తీయలేదేంటండీ?" అంది. "నంబరు దొరకలేదా?"

"దొరికింది. తను తీస్తానంది."

శ్యాంబాబుకి ఫోను చేస్తే, పెట్టె ఆయన్నే తీసుకెళ్లమన్నాడు. అందులో ఉన్నది "మీరు గెలిచారు" అని రాసిన చిన్న అట్టముక్క. అది ప్రిస్కిల్లాకి తెలుసు, చెప్పలేదు. అతను తాళంతోనే పెట్టెని చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు.

గుమ్మం దగ్గర అతని చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. వాటిని చూసి ప్రిస్కిల్లా ఆగిపోయింది. మెట్ల దగ్గరికి వెళ్లి గుసగుసగా అడిగింది.

"అదేంటి మహాలక్ష్మమ్మా... ఇందాక మేడమ్ వచ్చారా అంటే, లోపలికి వెళ్లిందని చెప్పావు కదా?"

"వెళ్లిందమ్మా. బాబుగారి వెనకాలే," అంది మహాలక్ష్మమ్మ, విసనకర్ర ఆపి. "ఆకుపచ్చ చీర. చెప్పుల్లేవు కాళ్లకి."

ప్రిస్కిల్లా మెడలో సిలువ పట్టుకుంది. ఉదయ్‌భాస్కర్ మాత్రం బెదరలేదు. పెట్టె కింద పెట్టి, ఆ ముసలామె ముందు మెట్టు మీద కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఆఖరి రోజు అతనికి ఇంకా కళ్లముందే ఉంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాడు మెల్లగా. "నీరసంగా ఉందా?"

"లేదు బాబూ," అంది మహాలక్ష్మమ్మ. "నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటా వెళ్లింది."